కబడ్డీ జట్టు ఆటను సూచికలతో విశ్లేషించే పద్ధతి: ప్రశ్న రాయడం నుంచి సాధన మార్చడం దాకా

బెంగళూరులో వారాంతపు టోర్నీలు ఆడే తెలుగువారి కబడ్డీ జట్లలో ఒకదానికి నేను నాలుగు సీజన్లుగా ఆట లెక్కలు రాస్తున్నాను. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి, కె.ఆర్.పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన కుర్రవాళ్ళే ఇందులో ఎక్కువ. ఇలాంటి ఇతర జట్ల కెప్టెన్లు, శిక్షకులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటే: "స్కోరుషీట్లు ఉన్నాయి, వీడియోలూ ఉన్నాయి, వాటితో ఏం చేయాలి?" నేను పాటించే క్రమాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

దీనికి కావలసినవి ఒక ఫోను, దాన్ని నిలబెట్టే స్టాండు, ఒక స్ప్రెడ్‌షీట్, ఆట తెలిసిన ఇద్దరు మనుషులు, ఒక్కో మ్యాచ్‌కు సుమారు రెండున్నర గంటల సమయం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

1. లెక్కకు ముందు ప్రశ్నను రాయండి

శిక్షకుడితో కూర్చుని, వచ్చే నాలుగు మ్యాచ్‌ల్లో ఆయన తీసుకోవలసిన నిర్ణయం ఏమిటో ఒక్క వాక్యంలో రాయించండి. "జట్టు ఎలా ఆడుతోంది?" అన్నది ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే దాని ముందు ఏ అంకె పెట్టినా సమాధానంలాగే కనిపిస్తుంది. "ప్రధాన రైడర్ (కూతకు వెళ్ళే ఆటగాడు) బయట ఉన్నప్పుడు ఎవరిని పంపాలి?", "కుడి కార్నర్‌లో (డిఫెండర్ల వరుస కుడి చివర) మనిషిని మార్చాలా?", "రెండో సగం చివరి పది నిమిషాల్లో పాయింట్లు ఎక్కడ పోతున్నాయి?" వంటివి పనికివచ్చే ప్రశ్నలు.

ప్రశ్న రాశాక దాన్ని ఇలా పరీక్షించండి. సమాధానం ఒక విధంగా వస్తే ఏం చేస్తారు, మరో విధంగా వస్తే ఏం చేస్తారు అని శిక్షకుణ్ణి అడగండి. రెండు సందర్భాల్లోనూ ఆయన చేసేది ఒకటే అయితే ఆ లెక్క రాయవలసిన పని లేదు.

2. సూచికలను ఆరింటికి పరిమితం చేయండి

మొదటి సీజన్‌లో నేను 34 గడుల పత్రం తయారు చేశాను. రెండో సగం వచ్చేసరికి సగానికి పైగా గడులు ఖాళీగా మిగిలేవి, నిండిన గడులను కూడా నమ్మడానికి వీలు లేకపోయేది. ఆరు సూచికలను పూర్తిగా, ప్రతి మ్యాచ్‌లోనూ ఒకే తీరున రాయడం అంతకంటే ఎన్నో రెట్లు మేలు. మా జట్టుకు నేను రాసేవి ఇవి:

- రైడ్ విజయ శాతం: కనీసం ఒక పాయింటు తెచ్చిన రైడ్లను మొత్తం రైడ్లతో భాగించాలి.
- పట్టుబడిన శాతం: రైడర్ అవుటైన రైడ్లను మొత్తం రైడ్లతో భాగించాలి.
- టచ్ పాయింట్లు, బోనస్ పాయింట్లు: డిఫెండర్‌ను తాకి వస్తే టచ్, వెనుక కాలు గాలిలో ఉంచి బోనస్ గీత దాటితే బోనస్. ఈ రెండూ ఎప్పుడూ వేర్వేరు గడుల్లోనే ఉండాలి.
- ట్యాకిల్ (రైడర్‌ను పట్టడం) విజయ శాతం: ఫలించిన ట్యాకిల్‌లను ప్రయత్నించిన ట్యాకిల్‌లతో భాగించాలి.
- ప్రధాన రైడర్ కోర్టులో లేనప్పుడు మన జట్టు చేసిన రైడ్ల వాటా.
- జట్టు పాయింట్లలో ఒకే ఆటగాడి వాటా.

టచ్‌ను, బోనస్‌ను కలపవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. టచ్ పాయింటు వస్తే ప్రత్యర్థి డిఫెండర్ ఒకరు బయటికి వెళ్తారు, బయట ఉన్న మన ఆటగాడు ఒకరు లోపలికి వస్తాడు. బోనస్ పాయింటుకు స్కోరు పెరుగుతుందే గాని ఎవరూ తిరిగి లోపలికి రారు. స్కోరుబోర్డు మీద రెండూ ఒకే అంకెగా కనిపించినా, తర్వాతి రెండు నిమిషాల ఆట మీద వాటి ప్రభావం ఒకటి కాదు. పది బోనస్‌లు తెచ్చిన రైడర్‌నూ పది టచ్‌లు తెచ్చిన రైడర్‌నూ ఒకే వరుసలో నిలబెట్టే పట్టిక శిక్షకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

చివరి సూచిక ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే ప్రొ కబడ్డీ లీగ్ ఆరో సీజన్ ఫైనల్ చూడండి. 2019 జనవరిలో బెంగళూరు బుల్స్ 38–33తో గుజరాత్‌పై గెలిచిన ఆ మ్యాచ్‌లో, తర్వాత తెలుగు టైటాన్స్‌కు కూడా ఆడిన పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు. అంటే జట్టు మొత్తంలో దాదాపు 58 శాతం. అంతటి రైడర్ ఉన్న జట్టుకు అది బలమే. వారాంతపు జట్టులో వరుసగా నాలుగు మ్యాచ్‌ల్లో ఒకరి వాటా సగం దాటితే మాత్రం, ఆ ఒక్కరికీ జ్వరం వచ్చిన ఆదివారం ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోవాలి.

3. ప్రతి సూచికకూ నిర్వచనం రాసిపెట్టండి

పనంతటిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే మెట్టు ఇదే. "ట్యాకిల్ ప్రయత్నం అంటే ఏమిటో అందరికీ తెలిసిందే కదా" అనుకుంటారు. ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే వీడియో చూపిస్తే, తెలిసింది ఒకటి కాదని పది నిమిషాల్లో బయటపడుతుంది. మేము వాదించుకుని చివరికి కాగితం మీద పెట్టిన నిర్ణయాల్లో కొన్ని:

- డిఫెండర్ చేయి చాచి, రైడర్‌ను తాకకుండానే వెనక్కి తగ్గితే అది ప్రయత్నం కాదు. పట్టుకోవడానికి శరీరం బరువును ముందుకు వేసి కదిలితే, అందకపోయినా ప్రయత్నమే.
- ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని చెయిన్‌గా పట్టినప్పుడు ప్రయత్నం మొదలుపెట్టిన వ్యక్తి పేరున రాయాలి. రెండో వ్యక్తి నంబరును అదే గడిలో "సహాయం" అని గుర్తు పెట్టి రాయాలి.
- రైడర్ బోనస్ తీసుకున్న తర్వాత పట్టుబడితే రెండు జట్లకూ చెరొక పాయింటు వస్తుంది. అలాంటి రైడ్‌ను విజయంలోనూ, పట్టుబడినదానిలోనూ లెక్కించాలి. అందువల్ల విజయ శాతం, పట్టుబడిన శాతం, ఖాళీ రైడ్ల శాతం కలిపితే 100 దాటవచ్చు. అది కూడికలో పొరపాటు కాదు.
- బాక్ లైన్ (రైడర్ ప్రత్యర్థి వైపు తప్పక దాటవలసిన గీత) దాటి, పాయింటు లేకుండా, అవుట్ కాకుండా తిరిగి వచ్చినదే ఖాళీ రైడ్.
- వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్‌ను, మీ టోర్నీలో ఆ నిబంధన ఉంటే, విడిగా గుర్తించాలి. అక్కడ రైడర్‌కు ఖాళీగా తిరిగి వచ్చే వెసులుబాటు లేదు కాబట్టి మామూలు రైడ్లతో కలిపితే అతనికి అన్యాయం జరుగుతుంది.

సీజన్ మధ్యలో నిర్వచనం మార్చవలసి వస్తే తేదీ వేసి మార్చండి, పాత మ్యాచ్‌లను కూడా కొత్త నిర్వచనంతో మళ్ళీ నమోదు చేయండి. అంత ఓపిక లేకపోతే సీజన్ అయ్యేదాకా మార్చకండి.

4. చిత్రీకరణ, నమోదు పత్రం

కెమెరాను పక్క గీత దగ్గర, నేల మట్టంలో పెట్టకండి. డిఫెండర్ల కాళ్ళు ఒకదానికొకటి అడ్డుపడి, బోనస్ గీత మీద రైడర్ పాదం కనిపించదు. వెనుక కాలు గాలిలో ఉందో లేదో అసలే తెలియదు. చివరి గీత వెనుక ఒక మూలన, మనిషి తలకంటే ఎత్తులో, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టంతా ఒకే చట్రంలో పట్టేలా నిలబెట్టండి. ఆట మధ్యలో జూమ్ చేయకూడదు.

మ్యాచ్‌కు ముందు చూసుకోవలసినవి:

☐ ఫోను పూర్తిగా చార్జ్ అయింది, కనీసం గంటన్నర వీడియోకు చోటు ఉంది
☐ రెండు జట్ల జెర్సీ నంబర్లు, స్థానాలు రాసి ఉన్నాయి
☐ మ్యాటా, మట్టి కోర్టా అన్నది గుర్తించాను
☐ ఎవరెవరు వార్మప్ పూర్తి చేశారో రాశాను
☐ వీడియో తీస్తున్నట్టు రెండు జట్లకూ చెప్పాను, పిల్లలు ఆడుతుంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను

వార్మప్ సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని, మైదానంలో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే కూత మొదలుపెట్టే ఆటగాళ్ళు మన జట్లలో ప్రతివారం ఉంటారు. ఆ వివరం పత్రంలో లేకపోతే మొదటి పది నిమిషాల అంకెలను సరిగా అర్థం చేసుకోలేం. అలాగే జూన్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రపు వానలకు మట్టి కోర్టు తడిసి ఉంటుంది. తడి నేల మీద వచ్చిన యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) అంకెలను మ్యాట్ మీది అంకెలతో కలపకూడదు.

నమోదు పత్రంలో ఒక్కో రైడ్‌కు ఒక్కో వరుస పెట్టండి. రైడ్ సంఖ్య, సమయం, రైడర్ నంబరు, ఎదురుగా ఉన్న డిఫెండర్ల సంఖ్య, రైడ్ సాగిన వైపు, ట్యాకిల్ మొదలుపెట్టినవారి నంబరు, ఫలితం, టచ్ పాయింట్లు, బోనస్, అప్పటి స్కోరు: ఈ పది గడులు చాలు. రైడ్‌కు 30 సెకన్ల పరిమితి, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు ఉన్న మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు 40 రైడ్లకు అటూ ఇటూగా వస్తాయి కనుక, వీడియోను ఆపుతూ నింపితే పని ఒక పూటలో పూర్తవుతుంది. ఆట జరుగుతుండగానే నింపాలని ప్రయత్నించకండి.

5. నమోదు ఎంత నమ్మదగినదో పరీక్షించండి

ఒకే వీడియోలోని 50 రైడ్లను ఇద్దరు పరిశీలకులు, ఒకరి పత్రం మరొకరు చూడకుండా, "ట్యాకిల్ ప్రయత్నం జరిగిందా, లేదా?" అని నమోదు చేశారనుకుందాం. మొదటివారు 30 రైడ్లలో జరిగిందన్నారు, రెండోవారు 25 రైడ్లలో జరిగిందన్నారు. ఇద్దరూ "జరిగింది" అన్నవి 24, ఇద్దరూ "లేదు" అన్నవి 19. అంటే 50లో 43 చోట్ల ఏకీభవించారు, 86 శాతం.

ఈ 86ను చూసి తృప్తి పడకూడదు. వీడియో చూడకుండా, అవే నిష్పత్తుల్లో అవును, కాదు అని గుడ్డిగా రాసుకుంటూ పోయినా కొన్ని చోట్ల మాట కలుస్తుంది. ఆ భాగాన్ని ఇలా లెక్కకట్టాలి. మొదటివారు "జరిగింది" అన్న వాటా 0.6 (50లో 30), రెండోవారిది 0.5 (50లో 25); "లేదు" అన్న వాటాలు 0.4, 0.5. 0.6ను 0.5తో గుణిస్తే 0.30, 0.4ను 0.5తో గుణిస్తే 0.20, కలిపితే 0.50. అంటే 50 శాతం ఏకీభావం యాదృచ్ఛికంగానే రావచ్చు. మిగిలిన 50 శాతంలో వీరు నిజంగా సాధించినది, 86 నుంచి 50 తీసేస్తే, 36. 36ను 50తో భాగిస్తే 0.72. దీన్ని కప్పా విలువ అంటారు.

నేను 0.8 కంటే తక్కువ వస్తే ముందుకు వెళ్ళను. మాట కలవని ఆ ఏడు రైడ్లను ఇద్దరం కలిసి సగం వేగంతో చూస్తాం, లోపం సాధారణంగా నిర్వచనంలోనే దొరుకుతుంది, దాన్ని సవరించి మరో 50 రైడ్లతో మళ్ళీ పరీక్షిస్తాం. ఒక్కరే పనిచేస్తున్నట్లయితే అదే వీడియోను వారం తర్వాత మళ్ళీ నమోదు చేసి, మీ రెండు పత్రాలనే ఇలా పోల్చుకోండి.

6. అవకాశాలతో భాగించండి, సందర్భంతో విడదీయండి

మా జట్టులో ఒకసారి ఎడమ కార్నర్ బలహీనంగా ఉందని అందరూ తీర్మానించారు, ఎందుకంటే పోయిన పాయింట్లలో ఎక్కువ భాగం అటువైపే పోయాయి. వరుసలు లెక్కబెడితే ప్రత్యర్థుల రైడ్లలో ఎక్కువ భాగం అటే సాగాయని తేలింది. ఒక్కో రైడ్‌కు పోయిన పాయింట్లు చూస్తే ఎడమ, కుడి దాదాపు సమానం. ఆ కుర్రవాణ్ణి మార్చి ఉంటే తప్పు చేసినవాళ్ళమయ్యేవాళ్ళం. కాబట్టి ఏ మొత్తాన్నీ భాగించకుండా చూపకండి.

భాగించడంతోనే పని పూర్తికాదు. ఉదాహరణకు వేసిన ఈ లెక్క చూడండి. 7వ నంబరు రైడర్ 90 రైడ్లలో 40 విజయాలు సాధించాడు, 44 శాతం. 10వ నంబరు రైడర్ 40 రైడ్లలో 20 సాధించాడు, 50 శాతం. పైపైన చూస్తే 10వ నంబరే మేలు. ఇప్పుడు ఎదురుగా ఉన్న డిఫెండర్ల సంఖ్యను బట్టి విడదీద్దాం.

- ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉన్నప్పుడు: 7వ నంబరు 70 రైడ్లలో 28, అంటే 40 శాతం, 10వ నంబరు 10 రైడ్లలో 3, అంటే 30 శాతం.
- ఐదుగురు లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు: 7వ నంబరు 20 రైడ్లలో 12, అంటే 60 శాతం; 10వ నంబరు 30 రైడ్లలో 17, అంటే దాదాపు 57 శాతం.

రెండు సందర్భాల్లోనూ 7వ నంబరే ముందున్నాడు. అయినా మొత్తంలో వెనుకబడ్డాడు, ఎందుకంటే కోర్టు నిండా మనుషులున్న కష్టమైన రైడ్లకు శిక్షకుడు ఎక్కువగా అతన్నే పంపాడు. 10వ నంబరు అంకె అతని నైపుణ్యాన్ని కొంత, అతన్ని పంపిన సమయాన్ని కొంత చూపిస్తోంది. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్నప్పుడే బోనస్ లభిస్తుంది, ముగ్గురు లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు పట్టుబడితే, ఆ నిబంధన ఉన్న టోర్నీలో, సూపర్ ట్యాకిల్ అదనపు పాయింటు ప్రత్యర్థికి పోతుంది. కనుక కబడ్డీలో డిఫెండర్ల సంఖ్య తెలియని ఏ రైడ్ అంకె అయినా సగం సమాచారమే.

అలాగని 7వ నంబరే మెరుగైన రైడర్ అని ప్రకటించడానికి కూడా ఈ అంకెలు చాలవు. పది రైడ్లలో వచ్చిన 30 శాతం అనే అంకెలో అటూ ఇటూ 14 లేదా 15 శాతం ఊగిసలాట సహజంగానే ఉంటుంది. 70 రైడ్ల 40 శాతంలో అది 6 దాకా ఉంటుంది. పది శాతం తేడాను ఆ ఊగిసలాట మింగేస్తుంది. శిక్షకుడికి నేను చెప్పగలిగింది ఇంతే: "10వ నంబరు మెరుగని ఈ పట్టిక నిరూపించడం లేదు. వచ్చే మూడు మ్యాచ్‌ల్లో కోర్టు నిండుగా ఉన్నప్పుడు కూడా అతన్ని పంపి చూడండి." ఒక గడిలో 30 రైడ్లు పోగయ్యేదాకా శాతం రాయకుండా "10లో 3" అని మాత్రమే రాయడం మంచి అలవాటు.

7. జట్టును ఆటగాళ్ళ కూడికగా చూడకండి

జట్టు విషయంలో నేను ముందుగా చూసేది ప్రధాన రైడర్ బయట కూర్చున్న కాలాన్ని. అతను అవుటైనప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా మన జట్టు ఎన్ని రైడ్లు చేసింది, అతన్ని లోపలికి తెచ్చిన పాయింటు రైడ్‌లో వచ్చిందా, ట్యాకిల్‌లో వచ్చిందా అన్నది రాయండి. ఎక్కువసార్లు ట్యాకిల్‌తోనే తిరిగి వస్తున్నట్లయితే రెండో రైడర్ మీద సాధన పెంచాలి.

రెండోది ఆలౌట్‌కు (జట్టంతా అవుటవడానికి) ముందు దశ. మన జట్టు ముగ్గురికి తగ్గిన ప్రతిసారీ ఏం జరిగిందో విడిగా ఒక చిన్న పట్టికలో పెట్టండి: సూపర్ ట్యాకిల్ వచ్చిందా, రైడర్ తాత్సారం చేశాడా, ఆలౌటై రెండు అదనపు పాయింట్లు ఇచ్చామా. మ్యాచ్‌కు మూడు నాలుగు వరుసలే వస్తాయి, అయినా వీడియోతో కలిపి చూస్తే మిగతా పట్టికలన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇదే.

8. ఆటగాడి మీద పడే భారం

సాధన ముగిసిన అరగంటకు ప్రతి ఆటగాణ్ణీ శ్రమ ఎంత అనిపించిందో 0 నుంచి 10 మధ్య చెప్పమనండి. దాన్ని నిమిషాలతో గుణించండి. 90 నిమిషాల సాధనకు 6 అని చెబితే 540. వారం మొత్తాన్ని అదే ఆటగాడి గత నాలుగు వారాల సగటుతో పోల్చండి, ఇతరులతో కాదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవారికి పక్కనే నిద్ర గంటలు రాయండి. ఉన్నట్టుండి పెద్ద పెరుగుదల కనిపిస్తే వెళ్ళి మాట్లాడండి. దీన్ని గాయాన్ని ముందే చెప్పే అంకెగా మాత్రం చూడకండి.

9. ఆటగాడికి చెప్పే పద్ధతి

మ్యాచ్ ముగిసిన రాత్రి పట్టికను జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్కొక్కరితో విడిగా, సాధనకు పది నిమిషాల ముందు మాట్లాడండి. ఒక్కరికి ఒక అంకె, రెండు వీడియో ముక్కలు: బాగా చేసినది ఒకటి, మార్చుకోవలసినది ఒకటి.

ముందుగా అతన్నే చెప్పమనండి. మా కుడి కవర్ (డిఫెండర్ల వరుసలో మధ్యకు దగ్గరగా నిలిచే) ఆటగాడికి తొందరపడి చేసిన ట్యాకిల్‌లు చూపించబోతుంటే, "అన్నా, నేను ముందుకు దూకింది కార్నర్‌లో ఉన్నోడు పిలిచినాకే. వాని పిలుపే తొందరగా వస్తా ఉంది" అన్నాడు. శబ్దం పెంచి వీడియో చూస్తే నిజమే. మేము దిద్దవలసింది కవర్ ఆటగాడి కాలిని కాదు, కార్నర్ పిలుపును. ఆ సంగతి నా పది గడుల్లో ఎక్కడా లేదు.

10. తరచూ జరిగే తప్పులు, వాటిని సరిదిద్దే మార్గం

- గెలిచిన మ్యాచ్‌లనే విశ్లేషించడం. అన్నిటినీ నమోదు చేయండి. సమయం లేకపోతే ఒకటి విడిచి ఒకటి తీసుకోండి, ఫలితాన్ని చూసి ఎంచుకోకండి.
- ప్రత్యర్థి స్థాయిని మరచిపోవడం. పట్టికలో బలమైన, సమాన, బలహీన అనే గడి పెట్టి, దాన్ని మ్యాచ్‌కు ముందే నింపండి. ఓడిపోయాక నింపితే ప్రతి ప్రత్యర్థీ బలమైనదిగానే కనిపిస్తుంది.
- అంకె కోసం ఆడేటట్లు చేయడం. ట్యాకిల్ విజయ శాతాన్ని పొగిడితే డిఫెండర్లు సులువైనవే ప్రయత్నిస్తారు. ప్రయత్నాల సంఖ్యను ఎప్పుడూ పక్కనే చూపండి.
- విజయ శాతం పెరిగింది కాబట్టి ఆ కొత్త కసరత్తే కారణమనడం. ఆ వారం ప్రత్యర్థి, కోర్టు, జట్టు కూర్పు మారాయేమో ముందు చూడండి.
- అన్ని సూచికలనూ కలిపి ఒకే "రేటింగ్" చేయడం. ఏది ఎందుకు తగ్గిందో అందులో కనిపించదు. నేను దీన్ని పూర్తిగా మానేశాను.

11. ఇతర క్రీడలకు మార్చుకునేటప్పుడు

క్రమం అదే ఉంటుంది. భాగించే అంకె, విడదీసే సందర్భం మారతాయి. క్రికెట్‌లో బౌలర్ ఎకానమీని పవర్‌ప్లే, మధ్య ఓవర్లు, చివరి ఓవర్లుగా విడదీయాలి. బ్యాడ్మింటన్‌లో అనవసరపు తప్పులను ఆడిన ర్యాలీలతో భాగించి, చిన్న ర్యాలీలు, పొడవైన ర్యాలీలు వేర్వేరుగా చూడాలి. ఫుట్‌బాల్‌లో షాట్ల సంఖ్య కంటే అవి ఎక్కడి నుంచి కొట్టారన్నది ముఖ్యం.

12. నాలుగు మ్యాచ్‌ల తర్వాత

మొదట రాసిన ప్రశ్నను తీసి శిక్షకుడి ముందు పెట్టండి. ఆరు సూచికల్లో ఏది సాధనలో మార్పు తెచ్చిందో ఆయనే గుర్తు పెట్టాలి. గుర్తు పడనిదాన్ని పత్రం నుంచి తీసేసి, ఆ గడిని వచ్చే నాలుగు మ్యాచ్‌ల ప్రశ్నకు కేటాయించండి. మా పత్రంలో ఈ సీజన్‌కు ఆ గడిలో "కార్నర్ పిలుపు" చేరింది. దాని నిర్వచనం మీద ఇద్దరు పరిశీలకులం ఇంకా 0.8కి చేరలేదు, అందుకే ఆ అంకెను ఇంకా ఎవరికీ చూపించలేదు.